సంఘాలు ఎట్లా కలిశాయి

తొర్రూరు 2018 ఆగస్టులో మున్సిపాలిటీ అయ్యింది. మా నెల్లికుదురోళ్లం బట్టలకైనా మందులకైనా పోయేది అటు తొర్రూరుకు, ఇటు మానుకోట అని మేం పిలిచే మహబూబాబాద్‌కు. తొర్రూరు పంచాయతీగా ఉన్నన్నాళ్లు అక్కడి పొదుపు సంఘాలు గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ కింద, అంటే సెర్ప్ కింద నడిచాయి. జనం నోట దాని పేరు ఐకేపీ ఆఫీసు. ఊరు పట్టణం కాగానే ఆ సంఘాల దారి పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మా వైపు మళ్లింది. మా ఆడబిడ్డ ఉండేది ఆ ఊళ్లోనే. ఆమె ఇల్లు కదలలేదు, గల్లీ మారలేదు, గ్రూపులో ఆ పది మందీ వాళ్లే. “వదినే, గిన్నేండ్ల సంది కట్టిన పొదుపు గీడ ఉంటదా, గాడికి పోతదా?” అని ఆమె నన్నడిగింది. నెల్లికుదురులో సంఘాల పుస్తకాలు రాసీ రాసీ కళ్లద్దాలు తెచ్చుకున్న మనిషిని కాబట్టి ఇట్లాంటి ప్రశ్నలు నా దగ్గరికే వస్తాయి.

ఆ ప్రశ్నకు ప్రభుత్వం వైపు నుంచి ఒక జవాబు 2025 మార్చిలో వచ్చింది. తెలంగాణ మంత్రివర్గం ఇందిరా మహిళా శక్తి మిషన్‌ను ఆమోదించి, పల్లెల్లోని సంఘాలనూ పట్టణాల్లోని సంఘాలనూ ఒకే గొడుగు కిందికి తేవాలని నిర్ణయించింది. సంఘంలో చేరే వయసును 18 నుంచి 15కు దించి, ఉండే వయసును 60 నుంచి 65కు పెంచింది. పేపర్లలో ఇది కొత్త సంగతిగానే వచ్చింది. కానీ మా ప్రాంతంలో సంఘాలు ఒకదాంట్లో ఒకటి కలవడం, విడిపోవడం, మళ్లీ కలవడం నేను చూస్తూనే ఉన్నాను. నేను పుట్టకముందు కూడా అది జరిగింది. కలిసిన ప్రతిసారీ తేలాల్సినవి రెండే: పైసలు ఎవరి చేతిలో ఉంటాయి, పుస్తకం ఎవరి ఇంట్లో ఉంటుంది. ఆ రెండూ ఎక్కడ సరిగ్గా తేలాయో అక్కడ సంఘం నిలబడింది. ఈ చరిత్రను ఆ రెండు ప్రశ్నల మీదుగానే చెప్తాను.

మా అత్తమ్మ కాలంలో ఆడవాళ్లకు అప్పు పుట్టే చోట్లు మూడు. ఒకటి షావుకారు, నూటికి నెలకు మూడు రూపాయలు, ఆపద పెద్దదైతే ఐదు. రెండోది పెద్ద రైతు గరిసె. విత్తనానికో తిండికో బస్తా వడ్లు నాగుకు తెస్తే కోతలప్పుడు బస్తన్నర కొలవాలి. మూడోది చిట్టి. ఊళ్లో పదిమంది కూడి వేసుకునే ఈ చిట్టీల్లోనే ఆడవాళ్లు మొదటిసారి లెక్క పట్టుకున్నారు, అదీ నోటి లెక్కే. చిట్టి పాడుకున్న మనిషి ఊరు విడిచిపోతే అడిగే దిక్కు లేదు. రాసిన కాగితం లేదు కదా.

సంఘం అనేది మాత్రం మా దిక్కు కొత్తది కాదు. ఇప్పటి జనగామ, మహబూబాబాద్ జిల్లాల ఊళ్లలో 1940లలో ఆంధ్ర మహాసభను జనం సంఘం అనే పిలిచారు. విసునూరు దేశ్‌ముఖ్ మీద పాలకుర్తి అయిలమ్మ తన భూమి కోసం నిలబడ్డప్పుడు ఆమె వెనక ఉన్నది ఆ సంఘమే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు బలైంది ఆ సంఘం ఊరేగింపులోనే. ఏ ఊరి సంఘం ఆ ఊరిదే అయినా, ఒక ఊరి మీద గూండాలు పడితే పక్క ఊళ్లన్నీ గుత్పలు పట్టుకుని కదిలేవి. చిన్నగా ఉంటూనే పెద్దగా కలవడం మా ముందటి తరం అట్లా నేర్చింది. దానికి వాళ్లు పెట్టిన వెల ప్రాణాలు. 1980లు, 90లలో మళ్లీ ఈ ప్రాంతమంతా అడవి ఉద్యమమూ పోలీసు క్యాంపులూ. పొద్దుగూకినంక నలుగురు ఒకచోట కూడితే అనుమానించే రోజులవి. అందుకే పొదుపు సంఘం పెడతామంటే ముసలివాళ్లు ముందు భయపడ్డారు. మీటింగులు పగటి పూట, బడి వరండాలోనో గుడి ముందటనో పెట్టుకోవడానికి అదొక కారణం. రెండో కారణం, పొద్దుగూకితే వంట.

సహకారం దారి కూడా దగ్గర్లోనే ఉంది. ఉమ్మడి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథ రెడ్డి 14 ఊళ్లను ఒకే సహకార గ్రామీణ బ్యాంకు కిందికి తెచ్చారు. ఊరికో చిన్న సొసైటీ పెడితే అది ఒక పెద్ద మనిషి జేబులోకి పోతుందని, పది ఊళ్లు కలిస్తే ఏ ఒక్కరి జేబూ దానికి చాలదని ఆ ఏర్పాటు వెనకున్న తెలివి అని నాకనిపిస్తుంది. అప్పు, ఎరువు, పంట అమ్మకం ఒకే చోట జరిగేటట్టు చేసినందుకే అది ఇన్ని దశాబ్దాలు నిలిచింది. 1990 నుంచి సహకార వికాస సంస్థ వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో ఆడవాళ్ల పొదుపు సమితులు పెట్టించింది. వాళ్ల పట్టుదల ఒకటే: బయటి పైసా ముట్టొద్దు, సభ్యులు కట్టిన పొదుపులోంచే అప్పు. కొన్ని ఊళ్ల సమితులు కలిసి పైన ఒక సమాఖ్య పెట్టుకునేవి, దాని ఖర్చు తామే భరించేవి. ప్రభుత్వ గ్రూపులో ఉన్న మాకు అప్పుడు అది మొండితనంలా కనిపించింది. ఇప్పుడు చూస్తే, ఎవరి పథకం మారినా కదలని సంఘాలు అవే.

మా గ్రూపు మాత్రం డ్వాక్రా. ఆ పథకం దేశంలో 1982–83లో మొదలైనా, మా ఊళ్లలో దానికి ఊపిరి వచ్చింది నెల్లూరు నుంచి. 1991–92 అక్షరాస్యత ఉద్యమంలో దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడిలో చదువుకుని, సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు మా నెల్లికుదురు దాకా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయ్యింది. సారాకు పోయే పైసల్లో రోజుకో రూపాయి పక్కన పెట్టండి అన్న మాట అప్పుడే ఊరూరా తిరిగింది. రోజుకో రూపాయి, నెలకు ముప్పై. ఇవ్వాళ వింటే చిన్నగా ఉంటుంది. అప్పటి నాటు కూలి తెలిసినవాళ్లకు ఆ ముప్పై రూపాయలు ఎంతో తెలుసు.

పది నుంచి పదిహేను మంది ఒక గ్రూపు. ఒక లీడరు, ఒక రెండో లీడరు, ఒక ఇనుప పెట్టె, మూడు పుస్తకాలు: తీర్మానాలకొకటి, పొదుపుకొకటి, అప్పుకొకటి. పదో తరగతి దాకా చదివిన కోడలిని ఊళ్లో నేనొక్కదాన్నే దొరికినట్టు అన్ని గ్రూపులూ నన్నే పిలిచేవి. మొదట బుక్ కీపర్ అన్నారు, తర్వాత యానిమేటర్, ఇప్పుడు వీవోఏ, అంటే గ్రామైక్య సంఘం సహాయకురాలు. పేరు మారినా పని ఒకటే: ఎవరు వచ్చారు, ఎంత కట్టారు, ఎవరికి ఎందుకు ఇచ్చారు, ఎవరు కట్టలేదు. ఆ నాలుగు ముక్కలు అందరి ముందర చదివి వినిపించాలి. చదివిన తర్వాతే సంతకాలు, వేలిముద్రలు. నా దగ్గరున్న పాత పుస్తకాల్లో మొదటి పేజీలన్నీ వేలిముద్రలు, రెండు మూడేళ్లు తిరిగేసరికి వంకర టింకర సంతకాలు. అప్పుల కారణాలూ అంతే. మొదట పురుడు, జ్వరం, బియ్యం. తర్వాత బర్రె, కుట్టుమిషన్, బిడ్డ ఇంటర్ ఫీజు.

1992లో నాబార్డు దేశంలో 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ ప్రయోగం మొదలుపెట్టింది. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేసింది. మ్యాక్స్ అని మేం పిలిచే ఈ చట్టం దేశంలో అట్లాంటి వాటిలో మొదటిది. సర్కారు వాటా లేకుండా, సర్కారు అధికారి పెత్తనం లేకుండా, సభ్యులే సొంతదారులుగా సంఘం నడుపుకోవచ్చని అది చెప్పింది. అదే ఏడాది మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి సాయంతో ఒక ప్రాజెక్టు మొదలై, చిన్న గ్రూపులను ఊరి స్థాయిలో, ఊళ్లను మండల స్థాయిలో కట్టడం ఎట్లాగో చేసి చూపింది. 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు ఆరు జిల్లాల్లో వచ్చింది. 2003 నాటికి మిగిలిన 16 జిల్లాలకు పాకింది. వరంగల్ జిల్లాలో భాగంగా మేమూ అందులో పడ్డాం. 2005లో వెలుగు ఇందిరా క్రాంతి పథం అయ్యింది. ఐకేపీ అనే మూడక్షరాలు అప్పటివే.

ఊళ్లోని గ్రూపులన్నీ కలిపి గ్రామైక్య సంఘం కట్టిన రోజులు నాకు చాలా ఇష్టమైన రోజులు, కష్టమైన రోజులు కూడా. అప్పటిదాకా మా ఊళ్లో గ్రూపులన్నీ వాడల వారీగా, నిజం చెప్పాలంటే కులాల వారీగా ఉండేవి. మాదిగవాడ గ్రూపులు, గొల్లల గ్రూపులు, గౌడవాడ గ్రూపులు, రెడ్ల గ్రూపు, తండా గ్రూపులు. అన్నిటి లీడర్లూ ఒక చాప మీద కూర్చుని ఒక అధ్యక్షురాలిని ఎన్నుకోవాలి. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న దగ్గరే మొదటి మీటింగు ఆగిపోయింది. తండా నుంచి నడిచి వచ్చిన ఆడవాళ్లు గడప అవతలే నిలబడ్డారు. రెండో మీటింగులో ఐకేపీ ఆఫీసు నుంచి వచ్చిన సీసీ ఏం చెప్పలేదు, చాపలన్నీ గుండ్రంగా పరిపించింది, అంతే. గుండ్రంలో మొదలూ చివరా ఉండవు కదా. మూడో నాలుగో నెలకు ఎవరి చాయ గ్లాసు ఎవరు కడగాలన్న మాట కూడా పోయింది.

అసలు భయం పైసల మీద. “మా పైసలు గాళ్ల దాంట్ల కలుస్తయా?” ఈ మాట ప్రతి గ్రూపులోనూ వచ్చింది. రేషన్ బియ్యం మిగిల్చి కట్టిన పొదుపు అది. జవాబు స్పష్టంగా ఉండేది కాబట్టే మేం ఒప్పించగలిగాం: గ్రూపు పొదుపు గ్రూపు ఖాతాలోనే ఉంటుంది, గ్రూపు పుస్తకం గ్రూపు లీడరు ఇంట్లోనే ఉంటుంది. పైకి పోయేది సభ్యత్వ రుసుము, కొద్దిపాటి వాటా ధనం. పై నుంచి కిందికి వచ్చేది సామాజిక పెట్టుబడి నిధి. మండల సమాఖ్య ఆ నిధిని గ్రామైక్య సంఘానికి అప్పుగా ఇస్తుంది, గ్రామైక్య సంఘం గ్రూపుకు, గ్రూపు మనిషికి. తిరిగి కట్టిన పైసలు ఊళ్లోనే తిరుగుతాయి. మునిగలవీడు, శ్రీరామగిరి, ఆలేరు, ఎర్రబెల్లిగూడెం లాంటి ఊళ్ల నుంచి అధ్యక్షురాళ్లు నెలనెలా మండల సమాఖ్యకు వచ్చి తమ ఊరి లెక్క చదివేవారు. పంచసూత్రాలు అందరి నోటికి వచ్చు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపలి అప్పులు, సకాలంలో వాపసు, పుస్తకాలు.

కలిసినందుకు ఏం జరిగిందంటే, గ్రూపుకు ఒంటరిగా చేతకానివి చేతికొచ్చాయి. ఎండకాలం పని లేని రోజుల్లో ఊరి ఆడవాళ్లందరి కోసం బియ్యం టోకున కొని, నెలనెలా తీర్చుకునే అప్పుగా ఇచ్చాం. కిరాణా కొట్టులో ఉద్దెర ఖాతా అప్పుడే పల్చబడింది. ఆ తర్వాత వడ్ల కొనుగోలు సెంటర్లు. వానాకాలం, యాసంగి రెండు పంటలకూ ఐకేపీ సెంటర్ దగ్గర తేమ మిషన్ పట్టుకుని నిలబడే ఆడమనిషిని ఇవ్వాళ ఎవరూ వింతగా చూడరు. తేమ 17 శాతం దాటితే తూకం వేయకూడదు. మొగ రైతులు, అందులో పెద్ద రైతులు, “ఇంకా ఆరబెట్టాలె కాకా” అని ఒక గొల్ల కోడలు చెప్తే విని వడ్లు మళ్లీ కల్లంలో పరిచారు. గన్నీ సంచులు, టార్పాలిన్లు, హమాలీలు, లారీ, మిల్లు దగ్గర కోతల మీద తగాదా, ఇన్నీ నడిపిందీ నడుపుతున్నదీ ఆ చాపల మీద కూర్చున్నవాళ్లే. నాగు వడ్డీ గరిసెల ఊళ్లో ఇది చిన్న మార్పు అని ఎవరన్నా అంటే నేనొప్పుకోను.

పట్టణం కథ వేరు. మా చిన్నమ్మ పెళ్లై హైదరాబాదుకు పోయింది, ఒక బస్తీలో గుడిసె వేసుకుని బతికింది. సెలవుల్లో నేను పోయినప్పుడు ఆ బస్తీ కమిటీ అనే మాట మొదటిసారి విన్నాను. హైదరాబాదు నగరపాలక సంస్థ 1967లో పట్టణ సామాజికాభివృద్ధి పథకం మొదలుపెట్టింది. యూసీడీ అనేవారు. దేశంలో అంతకుముందు ఢిల్లీ, అహ్మదాబాదుల్లో ఇట్లాంటి ప్రయత్నాలు జరిగాయి. సుమారు 50,000 జనాభాకు ఒక ప్రాజెక్టు, కొద్దిమంది సిబ్బంది. వాళ్లు బస్తీ బస్తీ తిరిగి, మీకేం కావాలో మీరే తేల్చుకోండి, అందులో కొంత మీరూ పెట్టుకోండి అని చెప్పేవారు. బస్తీ కమిటీలు, మహిళా మండళ్లు, యువజన సంఘాలు అట్లా ఏర్పడ్డాయి. బాల్వాడీ, కుట్టు సెంటరు, నల్లా, మోరీ, దీపం వాటి పనులు. 1970ల నడుమ యూనిసెఫ్ తోడైంది, 1983 నుంచి బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మురికివాడల అభివృద్ధి పెద్ద ఎత్తున సాగింది. తర్వాత అదే పద్ధతి విశాఖపట్నానికీ విజయవాడకూ పోయింది. పేద ఇళ్లను కూలగొట్టకుండా, ఉన్న చోటే బాగు చేయాలన్న ఆలోచనకు హైదరాబాదు అప్పట్లో దేశానికి పాఠం చెప్పింది. ఈ మాట గర్వంగా చెప్పుకోవాలి, మనం తక్కువ చెప్పుకుంటున్నాం.

చిన్నమ్మ బస్తీలో కమిటీ పెద్దలు మొగవాళ్లే, వాళ్లు ఏదో ఒక పార్టీ మనుషులు. ఆడవాళ్ల వంతు కుట్టు సెంటరు. నల్లా ఎక్కడ పెట్టాలో నీళ్లు మోసేవాళ్లను అడగలేదని చిన్నమ్మ చివరిదాకా చెప్పేది. 1990లలో పట్టణ పేదలకు కనీస సేవల పథకం వచ్చినప్పుడు ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం జరిగింది. పక్క పక్క ఇళ్ల ఆడవాళ్లతో ఇరుగుపొరుగు గ్రూపు, ఆ గ్రూపులతో కమిటీ, కమిటీలన్నీ కలిసి పట్టణానికో సామాజికాభివృద్ధి సొసైటీ. 1997 డిసెంబరులో స్వర్ణ జయంతి షహరీ రోజ్‌గార్ యోజన వచ్చి ఇదే మెట్ల వరసను దేశమంతటా పెట్టింది. పట్టణ ఆడవాళ్ల డ్వాకువా గ్రూపులు అప్పటివే. 2007లో మెప్మా వచ్చింది. ఈసారి పొదుపు గ్రూపు, దానిపైన బస్తీ సమాఖ్య, దానిపైన పట్టణ సమాఖ్య.

ఒక్కసారి ఈ వరస చూడండి. బస్తీ కమిటీ, ఇరుగుపొరుగు కమిటీ, డ్వాకువా, బస్తీ సమాఖ్య. నలభై ఏళ్లలో ఒకే గల్లీ ఆడవాళ్లను నాలుగు పేర్లతో నాలుగు సార్లు కూర్చోబెట్టారు. పథకం ముగిసినప్పుడల్లా పాత కమిటీ పుస్తకం మూలకు పోయింది, కొత్త పథకం కొత్త పుస్తకంతో వచ్చింది. పాత పొదుపు లెక్క ఏమైందో చాలా చోట్ల చెప్పేవాళ్లు లేకపోయారు. పట్టణంలో అద్దె ఇళ్లు, గుడిసెలు లేచిపోవడాలు, కూలి కోసం మారడాలు ఉండే మాట నిజమే. కానీ పల్లెలో గ్రూపు పొదుపు జోలికి ఎవరూ పోలేదు, పట్టణంలో ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. రెంటికీ తేడా అక్కడే వచ్చిందని నా నమ్మకం.

కేరళ ఇదే పట్టణ పథకంతో మొదలుపెట్టి వేరే దారి పట్టింది. 1993లో అలప్పుజ పట్టణంలో కట్టిన ఇరుగుపొరుగు గ్రూపులను, ఆ మూడు మెట్ల వరసను ముందు మలప్పురం పల్లెలకు తీసుకుపోయారు. 1998లో కుటుంబశ్రీ పేరుతో రాష్ట్రమంతా పెట్టారు. పల్లెకూ పట్టణానికీ ఒకటే సంస్థ, ఒకటే నియమావళి. ఊరు మున్సిపాలిటీలో కలిస్తే ఆడవాళ్లు ఆఫీసు మారే పనే లేదు. మన దగ్గర సెర్ప్ ఒక శాఖ, మెప్మా ఒక శాఖ. 2025లో ఇక్కడ తీసుకున్న నిర్ణయం వాళ్లు పాతికేళ్ల కిందటే తీసుకున్నారు.

అయితే మన దగ్గర కూడా ఒక చోట ఈ కలయిక ముందే జరిగింది. దానికి కారణం ఒక ఘోరం. 2004లో పావలా వడ్డీ వచ్చి బ్యాంకు అప్పు తేలికైంది. సమయానికి కడితే ఏడాదికి 3 శాతం పైన పడ్డ వడ్డీ ప్రభుత్వం వాపసు ఇచ్చేది. కానీ బ్యాంకు అప్పు ఏడాదికోసారి వస్తుంది, ఆపద ఎప్పుడైనా వస్తుంది. ఆ సందులోకి ప్రైవేటు మైక్రో ఫైనాన్స్ వాళ్లు వచ్చారు. మోటారు సైకిల్ మీద వచ్చి గడపలో పైసలు, వారం వారం గడపలో వసూలు. ఒకరి అప్పు తీర్చను ఇంకొకరి దగ్గర అప్పు. మా సంఘాల చాపల మీదే వాళ్లూ కూర్చోబెట్టి వసూలు చేసేవారు, ఒకామె కట్టకుంటే మిగతా తొమ్మిది మందిని లేవనివ్వకుండా. ఉమ్మడి వరంగల్ జిల్లాతో సహా చాలా చోట్ల ఆడవాళ్లు ఉసురు తీసుకున్నారు. 2010 అక్టోబరులో రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, రిజిస్ట్రేషను లేకుండా వసూళ్లు చేయొద్దని, వారం వసూళ్లు ఆపి నెలకు మార్చాలని కట్టడి చేసింది. ఒకరి పూచీ ఒకరికి అన్న మా బలాన్నే ఉరితాడుగా పేనిన రోజులవి. ఆ సంవత్సరం రాసిన పుస్తకాలు ఇప్పటికీ నేను తిరగెయ్యలేను.

ఆ తర్వాతి ఏడాది, 2011లో, స్త్రీ నిధి పుట్టింది. అడిగిన రెండు రోజుల్లోపే ఫోను ద్వారా మంజూరయ్యే అప్పు. ఇది ప్రభుత్వమూ మహిళా సమాఖ్యలూ కలిసి పెట్టుకున్న పరపతి సహకార సంస్థ. దాంట్లో మండల సమాఖ్యలతో పాటు పట్టణ సమాఖ్యలకూ వాటా ఉంది. నెల్లికుదురు ఆడవాళ్లూ ఏదో పట్టణపు బస్తీ ఆడవాళ్లూ ఒకే సంస్థలో వాటాదారులుగా కూర్చున్నది అక్కడ. పల్లె పట్నం కలయికకు అసలైన పునాది అదేనని నేనంటాను. ఎందుకంటే అది అవసరం కోసం పుట్టింది, అందులో ఎవరి పొదుపూ ఎవరి ఖాతాలోకీ మళ్లలేదు.

ఈ మధ్యలో మా భూగోళమే మారిపోతూ వచ్చింది. 2014లో రాష్ట్రం వేరైంది, సెర్ప్ రెండైంది. 2016 అక్టోబరు 11న మానుకోట జిల్లా కేంద్రమైంది, వరంగల్ జిల్లా సమాఖ్యకు పోయే మేము మహబూబాబాద్ జిల్లా సమాఖ్యకు పోవడం మొదలైంది. బస్సు చార్జీ తగ్గింది, అది సంతోషమే. 2018లో 500 జనాభా దాటిన తండాలు సొంత పంచాయతీలయ్యాయి. లంబాడా ఆడవాళ్లు తమ తండాలోనే తమ గ్రామైక్య సంఘం కావాలన్నారు, న్యాయంగానే అన్నారు. గడప అవతల నిలబడ్డ రోజు వాళ్లు మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు. 2022లో ఇనుగుర్తి కొత్త మండలమై మా మండలం నుంచి కూడా కొంత భాగం అటు వెళ్లింది. ప్రతి విభజనకూ లెక్కలు తెగాలి: ఉమ్మడి నిధిలో ఎవరి వంతు ఎంత, రావాల్సిన బాకీ ఎవరి ఖాతాకు, బీరువా ఎవరికి. పుస్తకం సరిగ్గా ఉన్న చోట సగం పూటలో తెగింది. లేని చోట నెలల తరబడి నలిగింది.

ఇప్పుడు ఈ పెద్ద విలీనం. దీన్ని నేను మనసారా కోరుకుంటున్నాను. బస్తీ ఆడమనిషికీ పల్లె ఆడమనిషికీ అప్పు ఒకటే, ఆకలి ఒకటే, చాలా ఇళ్లలో వాళ్లు అక్కాచెల్లెళ్లే. మండల సమాఖ్యలు ఆర్టీసీకి అద్దె బస్సులు పెడుతున్న కాలం ఇది, బడి బాగుకు పెట్టిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి గ్రామైక్య సంఘం అధ్యక్షురాలే అధ్యక్షురాలు. ఇట్లాంటి పనులకు పెద్ద సమాఖ్య కావాలి. పట్టణాల్లో వార్డు పార్కు, బస్తీ మోరీ, కూరగాయల అంగడి, వీధి వ్యాపారుల తావులు, వీటి మీద ఆడవాళ్ల సంఘాలకు ఇప్పటికీ గట్టి మాట లేదు. తొర్రూరు, మానుకోట లాంటి పెరిగే ఊళ్లు బాగుపడాలంటే వార్డు సంఘాలు కలిసి మున్సిపల్ ఆఫీసులో కూర్చోగలగాలి. పల్లెల్లో వడ్ల సెంటరు నడిపిన అనుభవం అక్కడ అక్కరకొస్తుంది.

కానీ పైన కలిసేది ఆఫీసులు. కింద గ్రూపును ముట్టొద్దు. పదిమంది గ్రూపును ముప్పైమంది గ్రూపు చేస్తే లెక్క రాయడం సులువవుతుంది, మనిషి దొరకదు. ఎవరింట్లో పొయ్యి రాజలేదో పదిమందిలో తెలుస్తుంది. పట్టణంలో సంఘాల లెక్కలు చూసే ఆర్పీలు, పల్లెలో మా వీవోఏలు, రెండు రకాల గౌరవ వేతనాలు, రెండు రకాల రిజిస్టర్లు, రెండు రకాల ఆన్‌లైన్ లెక్కలు ఉన్నాయి. వీటిని ఒకటి చేసేటప్పుడు పాత లెక్క కొత్త దాంట్లోకి గ్రూపు గ్రూపుగా, సభ్యురాలు సభ్యురాలిగా, వాళ్ల ముందర చదివి ఎక్కించాలి. మా ఆడబిడ్డ అడిగిన ప్రశ్నకు ఆఫీసులోని మనిషి సంతకంతో కాగితం మీద జవాబు రావాలి: నీ పొదుపు ఇంత, నీ గ్రూపు నిధి ఇంత, ఇది ఏ ఆఫీసుకు మారినా నీదే.

మ్యాక్స్ చట్టం కింద రిజిస్టరైన గ్రామైక్య సంఘమైనా మండల సమాఖ్య అయినా సభ్యుల సొత్తు. దాన్ని ఇంకో దాంట్లో కలపాలంటే సర్వసభ్య సమావేశం తీర్మానం చేయాలి, పై నుంచి వచ్చిన ఉత్తర్వు ఒక్కటే చాలదు. ఈ సంగతి కొత్తగా లీడర్లయిన పిల్లలకు తెలియదు, చెప్తే ఆశ్చర్యపోతున్నారు. అందుకే మా మండలంలో ఊరూరూ తిరిగి అడుగుతున్నాను: మొదటి నుంచి ఉన్న తీర్మానాల పుస్తకాలు, పొదుపు పుస్తకాలు ఇంటింటి నుంచి తెచ్చి గ్రామైక్య సంఘం బీరువాలో పెట్టండి, చిరిగినవి కుట్టించండి, ప్రతి పేజీ ఫోన్లో ఫొటో తీయండి. విలీనం కాగితాలు వచ్చేలోపే ఒక సర్వసభ్య సమావేశం పెట్టి, సంఘం మొత్తం నిధి ఎంతో గట్టిగా చదివి, ఆ అంకె తీర్మానంలో రాసి, అందరి సంతకాలు తీసుకోండి. కొన్ని ఊళ్లలో పని మొదలైంది. ఎలుకలు కొరికిన పుస్తకాలు రెండు దొరికాయి, వాటిలో వేలిముద్రల పేజీలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ సభ్యుల్లో చనిపోయినవాళ్ల వాటా వాళ్ల బిడ్డల పేరు మీదికి మార్చే తీర్మానం వచ్చే మీటింగులో పెట్టాలి.